ఉడకబెట్టిన కంబళి

నా పేరు బంగారు నాయకర్. మా ఊరు అవినాశికి తూర్పున కోసెడు దూరం. చిన్నప్పుడు తుడియలూరులో మేనత్త ఇంట ఉండి, అక్కడి తిన్నెబడిలో మూడేళ్ళు ఇసుకలో అక్షరాలు దిద్దాను. మా తొమ్మిది ఊళ్ళ తెలుగువాళ్ళలో తెలుగులో ఉత్తరం రాయగలిగినవాళ్ళం నలుగురం ఉండేవాళ్ళం. ఇద్దరికి ఇప్పుడు చూపు ఆనదు. మూడోవాడు రాసింది వాడే చదువుకోలేడు. కాబట్టి ఈ సంగతి రాసిపెట్టవలసిన భారం నా మీద పడింది.

నేను చేసిన పనులు ముందే చెప్పేస్తాను. చివర చెబితే వినేవాళ్ళు లేచిపోతారు. నల్లరేగడి నేలలో నలభై అడుగుల బావి తవ్వించాను. మూడుసార్లు కూలింది, నాలుగోసారి నిలిచింది, ఇప్పటికీ నిలిచే ఉంది. కుంపిణీ వారు గొలుసు పట్టుకుని మా చేలు కొలవడానికి వచ్చినప్పుడు, గొలుసులో ఒక కొక్కెం వంగి ఉందని దొరకు వేలు పెట్టి చూపించినవాణ్ణి నేనే. దొర ఏదో అన్నాడు. అది మెచ్చుకోలే అని మా ఊరి కరణం చెప్పాడు. రెండు దూడలు పుట్టలేక తల్లి కడుపులో అడ్డం తిరిగితే చేత్తో సరిచేశాను. ఇవన్నీ ఒక ఎత్తు. నూట పన్నెండు కంబళ్ళు బాగుచేశాను, అది ఒక ఎత్తు. ఆ నూట పన్నెండింటిలో అతుకు ఎక్కడుందో కళ్ళు మూసుకుని వేలితో తడిమి చెప్పగలిగిన మనిషి ఇంతవరకు ఒక్కరే దొరికారు.

సేద్యం చేసుకునే నాయకర్ చేతికి కంబళి సూది ఎట్లా వచ్చిందని ఇప్పటి పిల్లలు అడుగుతారు. వాళ్ళు సీమనుంచి ఓడలో వచ్చిన బట్ట కట్టుకుంటారు, చిరిగితే పారేస్తారు. వాళ్ళకు చెప్పినా అర్థం కాదు. మిగిలినవాళ్ళ కోసం రాస్తున్నాను.

మాకు ఒక నల్ల కంబళి ఉంది. మావాళ్ళు ఉత్తరాదినుంచి నదులు దాటి వచ్చినప్పుడు ఎద్దు వీపున వేసుకుని తెచ్చిందని పెద్దలు చెబుతారు. పెళ్ళి కుదరాలన్నా, తగవు తీరాలన్నా ఆ కంబళి పరిచి, నడుమ ఇత్తడి చెంబులో నీళ్ళు పోసి వేపరెమ్మ పెట్టి, తొమ్మిది ఊళ్ళ పెద్దలు తొమ్మండుగురూ దాని మీద కూర్చోవాలి. కూర్చుని చెప్పిందే తీర్పు. నిలబడి చెప్పింది ఉత్త కబురు. ఏ ఒక్కరి తొడ కింద నేల తగిలినా ఆ తీర్పు చెల్లదు. ఆడవాళ్ళు దూరంగా కూర్చుని వినవచ్చుగానీ, పెద్దలు కంబళి మీద ఉన్నంతసేపూ నోరు విప్పకూడదు. మాలో సభ జరిగిందని ఎవరూ అనరు, కంబళి వేశారు అంటారు.

ఆ కంబళిని దాచే హక్కు అయిదు తరాలుగా మా ఇంటిది. హేవిళంబి సంవత్సరంలో మా నాయన కాలం చేశాక ఆ హక్కు నాకు వచ్చింది. అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. నా పెళ్ళి మాట నడుస్తున్నదీ అప్పుడే.

పిల్ల మా మేనమామ లక్ష్మణ నాయకర్ కూతురు పొన్నుత్తాయి. వాళ్ళది మధుర సీమ. పొన్నుత్తాయిని నేను రెండేసార్లు చూశాను. రెండోసారి అవినాశి తేరు తిరునాళ్ళలో. నేను కొత్త తలపాగా చుట్టుకుని ఆమె ఎదురుగా మూడుసార్లు అటూ ఇటూ నడిచాను. మూడోసారి ఆమె మా అమ్మతో, బావ తలకు ఏం దెబ్బ తగిలిందత్తా, కట్టు కట్టుకున్నాడు అని అడిగింది. ఆ రోజే నిశ్చయించుకున్నాను, చేసుకుంటే ఈమెనే అని.

మామకు ఇంకో చెల్లెలు మధురలోనే ఉంది. ఆమె కొడుకు బాలకృష్ణన్‌కు కూడా పొన్నుత్తాయిని అడుగుతున్నారు. మామ నాకు వాయిదా పెట్టాడు. వైకాశి నెలలో కంబళి వేస్తారు కదా, ఆ రోజు పెద్దలు సరే అంటే పిల్ల నీది, ఆ రోజు తప్పితే మళ్ళీ ఏడాదికి గానీ కంబళి వేయరు, అంతవరకు ఆడపిల్లను ఇంట పెట్టుకోను అన్నాడు. ఇది మాసి నెలలో మాట, వైకాశికి మూడు నెలల ముందు. అప్పుడాయన మా ఇంట్లోనే ఉన్నాడు. నేను గొప్పగా అటకమీదినుంచి కంబళి దించి చూపించాను. అయిదు తరాల పొగ, వేపాకు, గొర్రె, దాని మీద కూర్చున్న పెద్దలు, అన్నీ కలిసిన వాసన ఒక్కసారి లేచింది. మామ పైపంచె ముక్కుకు అడ్డం పెట్టుకుని వాకిట్లోకి వెళ్ళి నిలబడ్డాడు.

ఆయన బండి ఊరు దాటేదాకా ఆగాను. అంతే ఆగాను.

మేము పత్తి మనుషులం. మా చేలో పత్తి, మా ఇంట పత్తి, మా ఒంటి మీద పత్తి. పత్తిబట్ట మాసితే చౌడు కలిపిన నీళ్ళలో వేసి ఉడికిస్తే మల్లెపువ్వులా వస్తుందని మా ఇంట పాకే బిడ్డకు కూడా తెలుసు. వడ్లు ఉడకబెట్టే గంగాళం పొయ్యి మీద పెట్టి, చౌడు వేసి, కుంకుడుకాయలు వేసి, కంబళిని ముంచాను. పొద్దుటినుంచి నడిమధ్యాహ్నం దాకా మంట పెట్టి, రోకలితో పొడుస్తూ తిప్పుతూ ఉన్నాను. పని చేస్తే గట్టిగా చేయడం నాకు మొదటినుంచీ అలవాటు.

బయటికి తీశాను. వాసన పోయిన మాట నిజమే. మందం మూడింతలయింది. దోసె తిరగేయడం మరిచిపోతే ఎట్లా అవుతుందో అట్లా బిగుసుకుంది. పరిచి చూస్తే మునుపు తొమ్మండుగురూ కాళ్ళు మడుచుకుని, నడుమ చెంబుతో, తాంబూలం పళ్ళెంతో హాయిగా కూర్చున్న కంబళి మా ఇంటి చాపంత అయింది.

మా అమ్మ తిరుమలమ్మాళ్ పేడ తట్టతో వచ్చి, తట్ట దించకుండానే చాలాసేపు చూసింది.

"కంబళి ఎక్కడరా?" అంది.

"ఇదే అమ్మా."

"ఇది కంబళి పిల్ల. తల్లి ఎక్కడుండాది?"

అమ్మ తిట్టలేదు. తిడితే బాగుండేది. లోపలికి వెళ్ళి పెరట్లో కాసిన గుమ్మడికాయలు తొమ్మిది తెచ్చింది. ఒక్కొక్క పెద్ద పేరు చెబుతూ కంబళి మీద పెట్టడం మొదలుపెట్టాము. అయిదు పట్టాయి. చెంబు తీసేస్తే ఆరు.

"ఇరుళప్ప నాయకర్‌కు ఒక కాయ పోదురా, రెండు పెట్టు," అంది అమ్మ. అప్పుడు పెద్దలు అయిదుగురే పట్టారు.

సాగదీయడానికి చేయగలిగినదంతా చేశాను. దూలానికి కట్టి కింద తిరగలి రాళ్ళు వేలాడదీశాను. ఎనిమిది రోజులకు పొడవున జానెడు పెరిగింది, వెడల్పున జానెడు తగ్గింది. ఎద్దుల్ని కట్టి లాగిస్తానంటే అమ్మ ఎద్దుల ముందు నిలబడింది. కొత్తది నేయించి పెట్టడానికి లేదు. ఆ కంబళికి చిరుగు పడితే అతుకు వేయవచ్చు, ఎన్ని అతుకులైనా వేయవచ్చు, మార్చడం మాత్రం కూడదని కట్టుబాటు. వైకాశికి రెండున్నర నెలలు ఉంది.

సింగానల్లూరు దాటాక గొర్రెల మందలు కాచి కంబళ్ళు నేసే కురుంబవాళ్ళ పల్లె ఒకటి ఉండేది. అక్కడ కాళియమ్మ అనే ముసలామె చేతిపని గొప్పదని విని, కంబళిని బండిలో వేసుకుని పోయాను. ఆమె దాన్ని మడిచింది, వాసన చూసింది, అంచు కొరికింది.

"ఎంతసేపు ఉడికిస్తివి తంబీ?" అంది.

"మధ్యాహ్నం దాకా అవ్వా."

"ఉప్పు వేస్తివా?"

"లేదవ్వా."

"వేసుంటే తినడానికన్నా అయ్యుండును."

తర్వాత నిదానంగా చెప్పింది. ఉన్ని వేడికి, దెబ్బకు ఒకదాన్నొకటి పట్టుకుంటుంది, పట్టుకున్నది మళ్ళీ వదలదు, ఇక దీన్ని దేవుడు వచ్చినా సాగదీయలేడని. మా కట్టుబాటు విని, అతుకు ఎంత పెద్దదిగా ఉండవచ్చో మీ పెద్దలు చెప్పారా అని అడిగింది. అట్లాంటిదేమీ చెప్పలేదన్నాను. అయితే నాలుగు వైపులా నాలుగు అతుకులు వేద్దాం, ఒక్కొక్కటి ఆ వైపంత పొడవు, మూరన్నర వెడల్పు అంది. తై నెలలో, సంక్రాంతికి కత్తిరించిన బొచ్చు ఉంది, నేస్తాను, కానీ నూలు నువ్వే వడకాలి, అతుకు నువ్వే వేయాలి అంది. నాకు రాదన్నాను.

"ఉడకబెట్టను మాత్రం వచ్చునా? దాన్నీ చేస్తివి గదా. ఇదీ చెయ్యి," అని కదురు చేతిలో పెట్టింది.

మొదటి నెల నేను తీసిన దారంతో ఎద్దును కట్టేయవచ్చు. ఒకచోట వేలంత లావు, ఒకచోట వెంట్రుకంత సన్నం, ఆ సన్నం దగ్గర టప్పున తెగేది. వారానికి ఒకసారి బండి కట్టుకుని పోయి చూపించేవాణ్ణి. కాళియమ్మ నూలు చుట్టను ఎత్తి చూసి, తన కుక్క ముందు వేసేది. నాలుగోసారి కుక్కకు వేయకుండా పక్కన పెట్టింది. కుంపిణీ దొర మెచ్చుకోలుకన్నా అది నాకు ఎక్కువ.

బలవంతాన లాగితే ఉన్ని రాదు. వేళ్ళ మధ్య వదులుగా పట్టుకుని, కదురు తిరుగుతూ దిగుతుంటే, అది అడిగినంతే ఇస్తూ ఉండాలి. ఆ ఇవ్వడం చేతికి తెలిసిన రోజు నేను చేను గట్టు మీద నిలబడి ఉన్నాను. దారం దిగుతూ ఉంది, దిగుతూనే ఉంది, నేలను తాకింది, తెగలేదు. కూలివాళ్ళకు అంబలి పొద్దు దాటిపోయిందని వాళ్ళు వచ్చి చెప్పేదాకా నాకు తెలియదు. ఆ తర్వాత కదురు లేకుండా నడవలేకపోయాను. బావి దగ్గర, బండి మీద, అవినాశి సంతలో, ఎక్కడికి పోయినా మీసం కింద కదురు తిరుగుతూ ఉండేది. నన్ను చూసి నవ్వనివాడు లేడు. సంతలో ఒకడు నన్ను చూపించి, ఈ పెళ్ళికూతురు ఎప్పుడు పెద్దమనిషి అయిందని మా అమ్మను అడిగాడట. అమ్మ వాణ్ణి ఏమన్నదో రాయను.

వైకాశికి ముందు నెల, చిత్తిరైలో, కాళియమ్మ నాలుగు పట్టీలు నేసి, చింతగింజల గంజి పట్టించి, ఎండబెట్టి ఇచ్చింది. అతుకు పని మిగిలింది. కుట్టడం కాదు అది. ఉడికి బిగిసిన అంచునుంచి పాత పోగును సూదిమొనతో ఒక్కొక్కటే ఊడదీసి, కొత్త పోగును దాని పక్కన పడుకోబెట్టి, ఒకదాని కిందినుంచి ఒకటి పైనుంచి అల్లుకుంటూ పోవాలి. జానెడు అల్లడానికి ఒక పూట పట్టేది. అరుగు మీద కూర్చుని అల్లుతుంటే పాత పోగుల్లో మా తాతలు వేసిన అతుకులు కనిపించేవి. ఒకాయన ఎడమచేతి వాటం. ఒకాయనకు ఓపిక లేదు, నాలుగు పోగులు కలిపి ఒకే ముడి వేశాడు. ఆయన ముడి విప్పి సరిచేశాను. ముత్తాత పని దిద్దినవాణ్ణి మా వంశంలో నేనొక్కణ్ణే.

కంబళి వేసే రోజుకు రెండు రోజుల ముందు పని పూర్తయింది. నడుమ చెంబు ఉండగానే, ఇరుళప్ప నాయకర్‌కు రెండు లెక్కన గుమ్మడికాయలు పది పట్టాయి. ఒకటే లోపం. నడుమ ఉన్న పాతది కారునలుపు, చుట్టూ కొత్తది ఎండకు ఎర్రబడిన గొర్రె నలుపు. దూరంనుంచి చూస్తే గూట్లో కాకి కూర్చున్నట్టుండేది.

వైకాశిలో తొమ్మిది బండ్లు వచ్చాయి. మామ లక్ష్మణ నాయకర్ వచ్చాడు, వెంట పొన్నుత్తాయి వచ్చింది. ఊరి బయట వేపచెట్ల నడుమ కంబళి పరిచి, చెంబు పెట్టి, నేను పక్కన నిలబడ్డాను. పెద్దల్లో పెద్ద తిరువేంగడం నాయకర్ చెప్పులు విడిచి, కంబళి మీద కాలు పెట్టబోయి, కాలు వెనక్కి తీసుకున్నాడు. దాని చుట్టూ నాలుగుసార్లు నడిచాడు.

దాచలేదు నేను. ఉడకబెట్టిన సంగతి, గుమ్మడికాయల సంగతి, కాళియమ్మ సంగతి అన్నీ చెప్పాను. ఉప్పు సంగతి మాత్రం చెప్పలేదు.

అప్పుడు మొదలైంది. ఇది ఆ కంబళేనా కాదా. నలుగురు అవునన్నారు, నలుగురు కాదన్నారు. అతుకు వేయవచ్చుగానీ అతుకు బట్టకన్నా పెద్దదిగా ఉండవచ్చా అని ఒకరు. చిన్నదిగా ఉండాలని ఎవరు చెప్పారని ఇంకొకరు. నడుమ కూర్చున్నవాళ్ళ మాట చెల్లుతుంది, అంచున కూర్చున్నవాళ్ళది చెల్లదని ఒకాయన అంటే, అయితే అంచున ఎవరు కూర్చుంటారని ఏడుగురు ఆయన మీదికి వెళ్ళారు. తొమ్మిదో ఆయన ఇరుళప్ప నాయకర్. ఆయన మోకాళ్ళు పట్టుకుని చెట్టుకు ఆనుకుని నిలబడ్డాడు, ఏ పక్షమూ చెప్పలేదు. పొద్దు నడినెత్తికి వచ్చింది. తిరువేంగడం నాయకర్ గొంతు బొంగురుపోయింది. ఈ ఏడు కంబళి లేదు, వచ్చే ఏడు చూసుకుందాం అన్నాడు చివరికి. మామ బండివాణ్ణి ఎద్దులు కట్టమన్నాడు.

రెండున్నర నెలలు వేళ్ళలో ఉన్నదంతా నేల మీద పడి ఉంది, ఒక్కరూ దాని మీద కూర్చోలేదు.

ఆడవాళ్ళ వైపునుంచి పొన్నుత్తాయి లేచి వచ్చింది. వాళ్ళ నాయన కళ్ళతోనే ఆగమన్నాడు. ఆగలేదు. చెంబుకు ఎదురుగా, కంబళికి అడుగు దూరంలో నిలబడింది.

"పెద్దలు ఇంకా కూర్చోలేదు గదా తాతా," అంది తిరువేంగడం నాయకర్‌తో. "అట్లంటే ఇంకా కంబళి వేసినట్టు కాదు. నేను మాట్లాడొచ్చు."

ఆయన ఆలోచించాడు. తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు. మాట్లాడమన్నాడు.

"ఇది మన కంబళి కాదు, ఈ ఏడు లేదు అంటిరే, అది తీర్పా, కబురా?"

"తీర్పే."

"తీర్పు ఎక్కడ కూర్చుని చెప్పవల్ల?"

తిరువేంగడం నాయకర్ కంబళి వైపు చూశాడు.

"దీన్ని కాదనాలన్నా దీని మీద కూర్చోనే కాదనవల్ల," అంది పొన్నుత్తాయి. "కూర్చుంటే ఇది కంబళి అయిపోతుంది. నిలబడి అంటే అది కబురు, మా నాయన కబురుకు ఎద్దులు కట్టడు."

బండివాడు కాడి పట్టుకుని మామ వైపు చూశాడు.

"నాకు మోకాళ్ళు నొప్పి," అన్నాడు ఇరుళప్ప నాయకర్, ఆ రోజుకు అదే ఆయన మొదటి మాట. చెట్టు వదిలి వచ్చి, తూర్పు వైపు పట్టీ మీద, సరిగ్గా నా అతుకు మీద, రెండు గుమ్మడికాయల బరువుతో కూలబడ్డాడు. ఒక్క పోగు కదలలేదు. ఆయన కూర్చోవడం చూసి పక్క ఊరి పెద్ద గబగబా కూర్చున్నాడు, కారణం వాళ్ళిద్దరికీ ఎవరు ముందు కూర్చోవాలన్న తగవు ఇరవై ఏళ్ళుగా ఉంది. అంతటితో ఆఖరున మిగిలిపోతామేమోనని మిగతావాళ్ళకు భయం పట్టుకుంది. తిరువేంగడం నాయకర్ ఒక్కడే నిలబడి ఉండడం బాగాలేదని చివరికి ఆయనా కూర్చున్నాడు. తొమ్మండుగురి కిందా ఎక్కడా నేల తగల్లేదు. పొన్నుత్తాయి వెంటనే నోరు మూసుకుని ఆడవాళ్ళ వైపు వెళ్ళిపోయింది.

పెళ్ళి సంగతి తమలపాకు నమిలేలోపల తేలిపోయింది. సరే అన్నారు. నాకు శిక్ష సంగతికి మాత్రం సాయంత్రం దాకా పట్టింది. కంబళి దాచే హక్కు నాది కాదు, ఇకనుంచి నా పెళ్ళాంది అన్నారు. ఆమె చెబితే తప్ప నేను దాన్ని అటకమీదినుంచి దించకూడదు. నీళ్ళ దగ్గరికి అసలే తీసుకుపోకూడదు. సూది పట్టుకుని తప్ప దాన్ని ముట్టకూడదు. తొమ్మిది ఊళ్ళలో ఎవరి కంబళి చిరిగినా అడిగినప్పుడల్లా నేనే అతకాలి. నూట పన్నెండు కంబళ్ళు అట్లా వచ్చాయి. శిక్ష ముగిసిందని ఇరవై ఏళ్ళ తర్వాత కబురు పంపారు. నేను వినపడనట్టు ఊరుకున్నాను. అప్పటికి చేతిలో రెండు కంబళ్ళు ఉన్నాయి, ఒకటి సగం అల్లి ఉంది.

కంబళి వేసిన మరుసటి నెల, ఆనిలో, ఆ కంబళి మీదే మా ఇద్దర్నీ కూర్చోబెట్టి పెళ్ళి చేశారు. అందరూ భోజనాలకు లేచాక మేమిద్దరమే మిగిలాము. పొన్నుత్తాయి నా ముఖం వైపు చూడలేదు. తల వంచుకుని, కళ్ళు మూసుకుని, చూపుడువేలితో కంబళి మీద మెల్లగా తడుముతూ పోయింది. పడమటి వైపున ఒకచోట వేలు ఆగింది. గోటితో గీరి చూసింది.

"ఇక్కడ ఒక పోగు తప్పిపోతివి," అంది.

వంగి చూశాను. తప్పింది.

"రేపు విప్పి మళ్ళీ వెయ్యి," అంది. "నేను పక్కన కూర్చుంటాను."

మరునాడు పొద్దున్నే సూది తీసుకుని కూర్చున్నాను. ఒక్క పోగు పని, గడియలో అయిపోవాలి. మధ్యాహ్నం అన్నానికి పిలిచేదాకా దాన్నే వేస్తూ ఉన్నాను.